కోళ్ల దగ్గు వినే చిప్పు

నేను ఒక చిన్న చిప్పును. బొటనవేలి గోరంత ఉంటాను. నాకు ఇంటర్నెట్టు అక్కర్లేదు, కరెంటు పోయినా దిగులు లేదు, రెండు బ్యాటరీలతో ఏడాది గడిపేస్తాను. హైదరాబాదులో ఇంజనీర్లు వేల కోళ్ల దగ్గులు వినిపించి, ఆ చదువంతా కుదించి నా బుర్రలో కూరారు. ఈ లోకంలో నాకు తెలిసినవి రెండే: దగ్గు, దగ్గు కానిది. దగ్గు వినిపిస్తే ఎర్రదీపం వెలిగిస్తాను. అంతకుమించి తెలివిస్తే బ్యాటరీ ఆగదట.

తణుకు దగ్గర గంగాధరంగారి కోళ్లఫారంలో నన్ను బిగించారు. "మా కోళ్లకి రేయింబవళ్లూ డాక్టరున్నాడండీ" అని ఆయన వచ్చిన వాళ్లందరికీ నన్ను చూపించేవారు.

వారం తిరక్కుండానే దీపం వెలిగింది. ఆయన హడలిపోయి కోళ్ల నీళ్లలో మందు కలిపించారు. మర్నాడూ వెలిగింది. మందు మార్చారు. పశువుల డాక్టరు వచ్చి, కోళ్లను పట్టి చూసి, "నిక్షేపంలా ఉన్నాయి కదండీ" అన్నాడు.

"మిషను అబద్ధం చెప్పుద్దేంటండీ?" అని గంగాధరంగారు దగ్గుతూనే వాదించారు. నేను వెలిగాను. లేని జబ్బుకు మందు తాగి తాగి కోళ్లు గుడ్లు తగ్గించేశాయి.

ఒకరోజు గుడ్లు ఏరుతున్న ఆయన భార్య సీతారత్నంగారు నా వంకా, ఆయన వంకా చూశారు.

"ఏవండీ, అది వెలిగేది కోళ్లకి కాదు, మీ దగ్గుకి. ఆస్పత్రికెళ్దాం పదండి."

"దాణా దుమ్మే."

"దిండు తిరగేసి పడుకుంటే నాకు తెలీదనుకున్నారా? రక్తం చూశాను."

ఆయన చెప్పులు వేసుకున్నారు.

పరీక్షల్లో క్షయ అని తేలింది. ముదరకముందే బయటపడింది కాబట్టి మందులకు లొంగింది. ఒళ్లు కుదుటపడగానే గంగాధరంగారు చేసిన మొదటి పని, కంపెనీకి ఫోను చేసి దెబ్బలాడటం.

"కోడికీ మనిషికీ తేడా తెలీని సరుకు అంటగట్టారేంటండీ?"

"ఉండనియ్యండి, మీ ప్రాణం కాపాడింది" అన్నారు సీతారత్నంగారు.

"ఊళ్లో నన్ను కోడిదగ్గు గంగాధరం అంటున్నారే."

నన్ను విప్పి పార్సెలు కట్టి పంపేశారు. ఇంజనీర్లు తమ పొరపాటుకు సిగ్గుపడ్డారు. ఈసారి మనుషుల దగ్గులు వేలకొద్దీ వినిపించి, వాటిని పట్టించుకోకూడదని నేర్పారు. పరీక్షలో నూటికి నూరు మార్కులొచ్చాయి. ఆ సంతోషంలో నన్ను బల్లమీద పెట్టుకుని కేకు కోశారు. నాకు చదువు చెప్పిన ఇంజనీరు కేకు ముక్క నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయి, గోడ పట్టుకుని చాలాసేపు దగ్గాడు.

నేను వెలగలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు.