గట్టు మీదికి ఏ పొయ్యి

గ్రానైట్ పలక పొద్దున్నే వచ్చింది. కూలీలు మోసుకొచ్చి కొత్త వంటగది గోడకు ఆనించి వెళ్లారు. రాయి కోసే బసవయ్య మాత్రం మిషను పక్కన పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయాడు.

“పొయ్యి ఏదో తేల్చకుండా కొయ్యమంటే ఎట్టాగండీ? రాయిలోకి దిగే పొయ్యైతే దాని కొలతకి కంత పెట్టాలి. పైన పెట్టుకునేదైతే కంతతో పనే లేదు. ఒకసారి కోశాక మళ్లీ అతికించడం నా వల్ల కాదు” అన్నాడు.

బందరు పక్కన గిలకలదిండిలో పోతురాజు వాళ్లది రెండు గదుల డాబా. ఇన్నేళ్లూ వంటంతా వెనక వరండాలోనే. సముద్రపు గాలి కొట్టకుండా చుట్టూ ఒక టార్పాలిన్ పట్టా, దాని వెనక పొయ్యి, పక్కనే గ్యాస్ బండ. ఈ ఏడాది వరండా పక్క జాగాలో తలుపూ కిటికీ ఉన్న వంటగది లేచింది. పోతురాజు బోటు మీద వేటకెళ్తాడు. భార్య సత్యవతమ్మ బందరు మార్కెట్లో చేపలమ్ముతుంది. కొడుకు నాని బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులకు మేత అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. కోడలు తేజస్విని సత్యవతమ్మకు సొంత తమ్ముడి కూతురే. బందరులో చిన్నపిల్లల బడిలో టీచరు.

నాని మనసులో పొయ్యి ఎప్పుడో కుదిరిపోయింది. గుడివాడలో స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్లి చూసొచ్చాడు. నల్లటి గాజు పలక, దాని మీద నాలుగు బర్నర్లు, అంతా గట్టుతో సమానంగా దిగిపోయి అద్దంలా మెరుస్తోందట.

“అదే పెట్టిద్దాం. మధ్యలో పెద్ద బర్నరుంటది, అమ్మ మట్టి దాక దాని మీద నిలబడుద్ది” అన్నాడు.

సత్యవతమ్మ తట్టలో ఐసు సర్దుకుంటోంది. తల ఎత్తకుండానే, “నాకు గ్యాస్ పొయ్యి వద్దురా. కరెంటు పొయ్యి పెట్టించండి” అంది.

పోతురాజు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. “ఏంటీ? మట్టి దాకలో తప్ప పులుసు పెట్టనని నాతో పాతికేళ్లుగా పోట్లాడిన మనిషివి, కరెంటు పొయ్యి అంటున్నావా?”

“అవును. కాలం మారింది.”

“తుఫానొస్తే మనకి కరెంటు ఎన్నాళ్లకొస్తదో తెలీదా నీకు?”

“అప్పుడు చూద్దాంలే” అని తట్ట నెత్తినెత్తుకుని వెళ్లిపోయింది.

ఆమె భయం వేరు. రెండేళ్ల కిందట వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గింది. దాంతో పాటు ముక్కుకు వాసన పోయింది. జలుబు వదిలితే వస్తుందనుకుంది. జలుబు వదిలింది, వాసన రాలేదు. కరివేపాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే వట్టి ఆకు. ఎండుచేపల బుట్ట తెరిస్తే వట్టి బుట్ట. ఎవరికీ చెప్పలేదు. చేపలమ్మే మనిషికి ముక్కు పోయిందంటే ఇక తట్ట దగ్గరకు ఎవరొస్తారు? బస్టాండు దగ్గర మెస్సు నడిపే శామ్యూల్ రాజ్ ఆమె మాట మీదే రోజూ చేప తీసుకెళ్తాడు, ఎన్నడూ తిప్పి చూసుకోడు. మొప్ప ఎత్తి ఎరుపు చూడటం, కన్ను చూడటం, వేలితో నొక్కి కండ పైకి లేస్తుందో లేదో చూడటం ఆమెకు చిన్నప్పటి నుంచి వచ్చు. వాటితోనే నెట్టుకొస్తోంది.

మార్కెట్లో నెట్టుకురావచ్చు, పొయ్యి దగ్గర కష్టం. మొన్న వానల్లో ఒకరోజు జల్లు కొడుతోందని పట్టా నాలుగు వైపులా దించి, పొయ్యి మీద పాలు పెట్టి, అటు తిరిగి రొయ్యలు వలుస్తూ కూర్చుంది. ఎక్కడి సందులోంచో గాలి దూరి మంటను ఆర్పేసింది. బడి నుంచి వచ్చిన తేజస్విని గుమ్మంలోనే కేకపెట్టి, పరుగున వచ్చి నాబు కట్టేసి పట్టా ఎత్తేసింది. “ఇంత వాసనొస్తుంటే ఎట్టా కూర్చున్నావత్తా?” అంటే, “ఏదో ఆలోచనలో ఉన్నానే” అని తప్పించుకుంది. ఆ రోజు నుంచి పొయ్యి కట్టేశాక బండ మీద రెగ్యులేటరు కూడా కట్టేస్తుంది. మంచం ఎక్కాక అనుమానమొచ్చి మళ్లీ లేచి చూస్తుంది. అది గాలాడే వరండా. ఇప్పుడేమో తలుపులున్న గది.

ఆదివారం మధ్యాహ్నం, మార్కెట్ బేరం అయ్యాక, నాని తల్లినీ భార్యనీ కోనేరు సెంటర్ దగ్గర పొయ్యిలమ్మే షాపుకు తీసుకెళ్లాడు. షాపులో కిరణ్ కుమార్ అనే ఆయన ఓపికస్తుడు. ముందు కుర్చీలు వేయించి, “వంట ఎవరు చేస్తారండీ ఇంట్లో?” అని అడిగాడు.

“నేనేనయ్యా. నాకు కరెంటు పొయ్యి చూపించు” అంది సత్యవతమ్మ.

ఆయన ఇండక్షన్ స్టవ్ మీద నీళ్లు పెట్టి చూపించాడు. మంట లేదు, మోత లేదు, మాట పూర్తయ్యేలోగా నీళ్లు తెర్లాయి. సత్యవతమ్మ మొహం విప్పారింది. ఆయన అయస్కాంతం ముక్క ఒకటి చేతికిచ్చాడు. “మీ గిన్నె అడుక్కి ఇది అతుక్కుంటేనే దీని మీద పనికొస్తదమ్మా. అల్యూమినియం, ఇత్తడి, మట్టి వేడెక్కవు. అడుగు బల్లపరుపుగా ఉండాలి.”

“మా దాక గుండ్రంగా ఉంటది.”

“అయితే దీని మీద కుదరదండీ. ఇన్‌ఫ్రారెడ్ అని ఇంకోటుంది, అది గిన్నె ఏదైనా వేడి చేస్తది గానీ, దానికీ అడుగు సమంగానే ఉండాలి. గిన్నె దించాక కూడా గాజు చాలాసేపు కాలుతూనే ఉంటది, చెయ్యి పడితే బొబ్బలే.”

“విన్నావుగా అమ్మా. ఇక గ్యాసే” అని నాని రాయిలోకి దిగే నాలుగు బర్నర్ల గాజు హాబ్ ముందు నిలబడ్డాడు. తేజస్విని మాత్రం ఆయన్ని అడిగింది. “గాలికి మంట ఆరిపోతే ఎట్టాగండీ?”

“మంచి మాట అడిగారు.” ఆయన బర్నరు పక్కన పైకి లేచి ఉన్న చిన్న పుల్ల లాంటి దాన్ని చూపించాడు. “ఇది మంట వేడిని కనిపెట్టుకుని ఉంటది. మంట ఆరితే కాసేపటికి గ్యాస్ తనే ఆగిపోతది. అన్ని హాబ్‌లకీ ఉండదు, అడిగి తీసుకోవాలి. లేని పొయ్యి ఎట్టా ఉంటదో ముందు చూడండి.” పక్కనున్న మామూలు పొయ్యి వెలిగించి, అట్టముక్కతో విసిరి ఆర్పేశాడు. నాబు తెరిచే ఉంది. “వాసన తెలుస్తది చూడండి” అన్నాడు.

నాని చేత్తో ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు. తేజస్విని కొంగు అడ్డం పెట్టుకుంది. సత్యవతమ్మ బర్నరు మీదికి వంగింది. వంగి, మొహం దగ్గరగా పెట్టి, శ్రద్ధగా చూస్తూ, “ఇంకా రాలేదేంటయ్యా?” అని అడిగింది.

కిరణ్ కుమార్ గబుక్కున నాబు కట్టేశాడు. నాని ఫోను మోగితే బయటికెళ్లాడు. తేజస్విని అత్త మొహం వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత మామూలుగా, “రేపు చెప్తామండీ, ఇంట్లో మాట్లాడుకుని” అని ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

నానిని బండి మీద పంపించేసి, ఇద్దరూ సెంటర్లో చెరకురసం బండి పక్కన బల్ల మీద కూర్చున్నారు. తేజస్విని గ్లాసు అత్త చేతికిచ్చింది.

“ఎన్నాళ్ల నుంచి అత్తా?”

“ఏది?”

“వాసన తెలీకపోవడం.”

సత్యవతమ్మ గ్లాసులోకి చూసింది. అబద్ధం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఓపిక లేక మింగేసింది. “ఆ జ్వరం దగ్గర నుంచి.”

“అంటే నేనొచ్చిన కొత్తలోనా! పులుసు నోట్లో పెట్టకముందే ఎట్టా ఉందే, ఎట్టా ఉందే అని అడుగుతుంటే, కొత్త కోడలి మెప్పు కోసం అనుకున్నా. నాతో చెప్తే ఏం పోయింది?”

“నీతో చెప్తే నానికి తెలుస్తది, వాడు మీ మావయ్యకి చెప్తాడు, ఆయన బోటు మీద చెప్తాడు. తెల్లారేసరికి మార్కెట్టంతా తెలుస్తది. సత్యవతికి ముక్కు పోయిందట, కుళ్లిన చేపా మంచి చేపా తేడా తెలీదట అంటారు. తట్ట పోతే నేనేంటే ఇంక?” కొంగుతో కళ్లద్దుకుని, “ఇప్పుడు మూసిన గదిలో పొయ్యి పెడతామంటున్నారు. నేనొక్కదాన్నే ఉండగా గ్యాస్ వదిలితే నాకు తెలీదు. నా సంగతి సరే, రేపెప్పుడైనా నువ్వు కడుపుతో ఉంటే ఆ ఇంట్లోనే కదా ఉండేది” అంది.

తేజస్విని అత్త చేతిలోని గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూర్చుంది. “మార్కెట్లో చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం. ఇంట్లో మాత్రం ఇయ్యాలే చెప్పాలి. పొయ్యి సంగతి అందరం కలిసి చూసుకుందాం” అంది లేస్తూ.

సాయంత్రం టీలు తాగుతుండగా సత్యవతమ్మే చెప్పింది. నాని తల పట్టుకుని, “బర్నరు మీదికి వంగినప్పుడు నేను పక్కనే ఉండి కూడా పట్టించుకోలేదమ్మా” అన్నాడు. పోతురాజు ఉన్నట్టుండి, “అందుకా!” అన్నాడు.

“ఏంటందుకా?”

“బీడీలు మానేస్తానని నీకు ఒట్టేశానా? మానలేదు. డాబా మీద కాల్చి దిగి వస్తున్నా. రోజూ తిట్టే దానివి ఒక్క మాటా అనకపోతే, పోనీలే పెద్దవాడయ్యాడని వదిలేశావనుకున్నానే!”

తేజస్విని పకపకా నవ్వింది. సత్యవతమ్మకు కోపం వచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. ఇన్నాళ్లుగా గుండెల మీద ఉన్నదేదో దిగినట్టయి, భర్తను కసితీరా తిట్టింది. ఆయన హాయిగా తిట్టించుకున్నాడు. చివరికి మెల్లగా, “నాకు చెప్పాల్సిందే నువ్వు” అన్నాడు. ఆమె తలూపింది.

ఆ తర్వాత పొయ్యి గురించి మాట్లాడుకోవడం తేలికైపోయింది. నాని నాలుగు బర్నర్ల మోజు వదిలేశాడు. ఈ గట్టుకు పట్టే సైజులో నాలుగు పెడితే బర్నర్లు ఇరుకై, దాక పెట్టాక పక్కన గిన్నె పట్టదని తేజస్విని కొలిచి చూపించింది. పోతురాజు తుఫాను మాట మళ్లీ ఎత్తాడు. కరెంటు ఒక్కదాన్నే నమ్ముకోవద్దన్నాడు. సత్యవతమ్మ షాపులో ఇచ్చిన అయస్కాంతాన్ని గిన్నెలన్నిటికీ ఆనించి చూసింది. అన్నం గిన్నె, పాలగిన్నె అతుక్కున్నాయి. మిగతావన్నీ జారిపోయాయి.

“మరి నీకేది కావాలో చెప్పు. భయంతో కాకుండా చెప్పు” అంది తేజస్విని.

సత్యవతమ్మ ఆలోచించింది. “భయమే లేకపోతే నాకు మంట కనపడాలే. వాసన తెలీని దాన్ని, కంటితోనే వండుతున్నా. మంట ఎంతుందో చూస్తేనే పులుసు ఎక్కడుందో తెలుస్తది.”

దాంతో తేలిపోయింది. మంట ఆరితే గ్యాస్ ఆగిపోయే రెండు బర్నర్ల హాబ్, పక్కన పాలకీ అన్నానికీ ఒక ఇండక్షన్. మంట ఆరితే ఆపే ఏర్పాటు ట్యూబు లీకైతే పనిచెయ్యదని కిరణ్ కుమారే ముందుగా చెప్పాడు. అందుకని బండను గోడ బయట గూట్లో పెట్టించారు. గట్టు కింద, నేలకు దగ్గరగా, గ్యాస్ తగిలితే కూత పెట్టే చిన్న పెట్టె బిగించారు. బసవయ్య రాయిలో ఒక్క కంత కోసి, “ఈ పాటి దానికి నన్ను వారం తిప్పారు” అని సణుగుతూ అంచులు నున్నగా అరగదీశాడు.

తేజస్విని పట్టుబట్టి ముక్కు డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లింది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. రోజూ లవంగాలు, నిమ్మతొక్క లాంటివి వాసన చూస్తూ ఉండమన్నాడు. మార్కెట్ సంగతి సత్యవతమ్మ తనే తేల్చుకుంది. ఒకరోజు శామ్యూల్ రాజ్ పండుగప్ప తీసుకుంటుంటే, “జ్వరమొచ్చాక నాకు వాసన తెలియట్లేదండీ. మొప్పా కన్నూ చూసే ఇస్తున్నా. మీరు కూడా ఒకసారి చూసుకోండి” అంది. ఆయన చేపను ఎత్తి చూశాడు, సంచిలో వేసుకున్నాడు. “రేపు సందువలుంటే పక్కన పెట్టండమ్మా” అని వెళ్లిపోయాడు.

కొత్త పొయ్యి మీద మొదట పాలు పొంగించారు, తర్వాత చేపల పులుసు. సత్యవతమ్మ దాక పెట్టి, నూనె పోసి, ఉల్లిముద్ద వేసి గరిట తిప్పింది. మంట నీలంగా, నిలకడగా ఉంది. కోడలు పక్కనే గట్టుకు ఆనుకుని నిలబడింది.

“పచ్చివాసన పోయిందా చూడవే?”

తేజస్విని వంగి పీల్చింది. “ఇంకా లేదత్తా. కొంచెం ఆగు.”

సత్యవతమ్మ మంట కాస్త తగ్గించి, చింతపండు రసం గిన్నె చేత్తో పట్టుకుని ఆగింది.