రెక్కకు ఇస్త్రీ

కాలరు లోపలివైపు ముందు, పైవైపు తర్వాత. భుజాలు, చేతులు, చివరికి వీపు. లాండ్రీలో ఆమె ఇస్త్రీ చేసే వరస ఏళ్ళ తరబడి మారలేదు. ఆ రోజు మాత్రం వీపు ముందే చేసేసి, చొక్కా ఎత్తి చూసుకుని, మళ్ళీ నీళ్ళు చిలకరించింది. సన్నటి మనిషి. వేడికి ముంజేతుల మీద నూగు ఎప్పుడో రాలిపోయింది. కుడి బొటనవేలి చివర చర్మం చెక్కలా గట్టిపడింది.

"విమానానికి ఇస్త్రీ చేసిన చేతులకి మా చొక్కాలేం ఆనతాయిలే అక్కా," అన్నాడు లాండ్రీ యజమాని.

"చొక్కా పాడైతే నీ తిట్లతో పోతుంది," అంది ఆమె తలెత్తకుండా.

అతను మరి హాస్యమాడలేదు. "మిగతావి రేపు చూసుకుందువుగాని. వెళ్ళు," అన్నాడు.

ఆమె కూతురు ఊరి చివర రేకుల షెడ్డులో సొంతంగా ఒక విమానం కట్టింది. ఆ సాయంత్రమే అది మొదటిసారి ఎగరబోతోంది. పిల్లకి ఫ్లయింగ్ క్లబ్బులో ఇంజన్లు బాగుచేసే ఉద్యోగం. అక్కడే ఎగరడమూ నేర్చుకుంది. గొట్టాల చట్రం అతికింది వాళ్ళ వీధి వెల్డరు. రెక్కలకు బట్ట తొడిగాక అది బిగుసుకోవాలంటే, దాని మీద ఇస్త్రీ పెట్టె నెమ్మదిగా నడపాలట. వేడి చాలకపోతే బట్ట వదులు, ఎక్కువైతే బట్టలో సత్తువ చస్తుంది. "ఇంకెవరి చెయ్యీ నేను నమ్మనమ్మా," అంది కూతురు. అలా రెండు రెక్కలూ తల్లే ఇస్త్రీ చేసింది. చేతికింద బట్ట డప్పులా బిగుస్తుంటే, తన గొయ్యి తనే తవ్వుకుంటున్నట్టు అనిపించింది.

ఆమె భయాలు వీధిలో అందరికీ తెలుసు. మబ్బు పడితే పిడుగు, ఎండ కాస్తే వడదెబ్బ, ఫోను మోగితే ఆసుపత్రి. కూతురు సైకిలు నేర్చుకున్నన్నాళ్ళూ వెనకాల పరిగెత్తింది. తొక్కడం వచ్చేశాక కూడా కొన్నాళ్ళు పరిగెత్తింది. పుట్టు పిరికిదేమీ కాదు. పెళ్ళయిన కొత్తలో కదిలే బస్సు ఎక్కిన మనిషే. ఒక సాయంత్రం భర్త పని నుంచి వచ్చి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు చేరగిలబడ్డాడు. మరి లేవలేదు. ఆ ఒక్కదాని గురించి ఆమె ఎన్నడూ భయపడి ఉండలేదు. అప్పటి నుంచీ దేన్నీ వదలకుండా భయపడుతోంది. ముందే అనుకున్నది జరగదని ఆమె నమ్మకం. షెడ్డుకు వెళ్ళే బస్సులో కిటికీ కమ్మీ పట్టుకుని, ఇంజను ఆగిపోవడం, నిప్పంటుకోవడం, పక్షి వచ్చి కొట్టుకోవడం, అన్నీ ఒక్కొక్కటే అనుకుంటూ వచ్చింది. ఏదీ మిగిలిపోకూడదు.

గాలి పడిపోయింది. షెడ్డు ముందు గడ్డిలో విమానం, లేత పసుపు రంగులో, ఊహించినదానికన్నా చిన్నదిగా నిలబడి ఉంది. ఆ నేల లేవడానికి చాలుతుంది గాని దిగడానికి చాలదు. క్లబ్బు మైదానంలో దిగాలి.

"బట్ట సంగతి నీది," అంది కూతురు. "చూసి చెప్పు. నువ్వు బాగుందంటేనే ఎక్కుతా."

ఆమె అరచెయ్యి ఆనించి రెక్క పొడుగునా నడిచింది. జానెడుకోసారి వేళ్ళతో తట్టింది. అంతటా ఒకటే మోత. రెండో రెక్క చివరికొచ్చి ఆగింది.

"ఇక్కడ కాస్త వదులుగా ఉందే."

కూతురు దగ్గరికి రాలేదు. హెల్మెట్ తీసి చంకన పెట్టుకుంది. "మావయ్యా, లోపలికి తోసేద్దాం. బట్ట ఊడదీసి మళ్ళీ వెయ్యాలి," అంది వెల్డరుతో.

"అంత కష్టపడ్డావు, నువ్వూ ఓసారి తట్టి చూడరాదూ," అన్నాడతను.

"అమ్మ చూసిందిగా."

ఇద్దరూ భుజాలు ఆనించారు. విమానం కొంచెం వెనక్కి కదిలింది. ఇన్నేళ్ళలో "వద్దే" అన్న మాట ఒక్కటీ చెవిన పెట్టని పిల్ల, ఈ మాటకి ఆగిపోయింది. అది భయపడే తల్లి మాట అని కాదు, రెక్కకు ఇస్త్రీ చేసిన మనిషి మాట అని. ఆ మనిషి లాండ్రీలో ఏనాడూ కాలిన మచ్చని మడత లోపల దాచి ఇవ్వలేదు.

"ఆగండి," అంది ఆమె. "అబద్ధం చెప్పాను. వదులు లేదు. ఎక్కడా లేదు."

కూతురు ఆమె వంక చూసింది. కోపం రాలేదు. "అయితే ఎక్కనా?"

"అది నన్నడగకు. బట్ట బాగుంది. అంతవరకే నేను చెప్పగలను."

"నాకంతే కావాలి."

"మీరిద్దరూ తేల్చుకునేసరికి పొద్దు పోయేలా ఉంది," అన్నాడు వెల్డరు, విమానం ముక్కునున్న పంకా దగ్గరికి నడుస్తూ.

కూతురు పలచటి గుడ్డబూట్లు తొడుక్కుని ఎక్కింది. పంకా తిరిగింది. గడ్డంతా వెనక్కి పడుకుంది. విమానం ఎగుడుదిగుడుగా పరిగెత్తి, ఒకసారి ఎగిరి నేలకు తగిలి, మళ్ళీ లేచి, ఇక తగల్లేదు. చెట్ల మీదుగా పసుపురంగు చుక్కయి, చుక్క కూడా లేకుండా పోయింది. ఆమె వెల్డరు చొక్కా చెయ్యి గుప్పిట్లో పట్టుకుని ఉందని ఇద్దరూ గమనించలేదు.

చాలాసేపటికి అతని ఫోను మోగింది. "ఆ... ఆ... సరేనమ్మా," అని పెట్టేశాడు. "దిగిందట అక్కయ్యా. మెత్తగా దిగిందట. ఆకలేస్తోందట."

ఆమె తలూపింది. చెడ్డ కబురు వస్తే ఎవరికి చెప్పాలో, ఏ బస్సెక్కాలో, ఎవర్ని తోడు తీసుకెళ్ళాలో అన్నీ ఆలోచించి పెట్టుకుంది. ఈ కబురు గురించి ఏమీ అనుకుని రాలేదు. వెల్డరు షెడ్డు తలుపులు మూయడానికి వెళ్ళినా, అక్కడే నిలబడిపోయింది. అణిగిన గడ్డి మెల్లగా లేస్తోంది. అందులో కూతురి చెప్పులు, ఒకటి ముందు, ఒకటి వెనక, నడుస్తూ నడుస్తూ మనిషి వాటిలోంచి పైకి లేచిపోయినట్టు ఉన్నాయి.