ఐదో చెంచా

చర్చి పెద్దల సభకు హాజరైనవారు, కూర్చున్న వరుసలో: పొయ్యికి దగ్గరగా అధ్యక్షులు పాస్టర్ మేంగ్ గారు, ఆయనకు కుడివైపున సంఘ పెద్ద గిల్ మ్యోంగ్‌బోక్ గారు, ఉప్పు రొయ్యల వ్యాపారి, ఎడమవైపున సంఘ పెద్ద ప్యో జేఉంగ్ గారు, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, సభా కార్యదర్శి. తలుపు దగ్గర నిలబడి ఉన్నది ఓక్ బున్‌యే గారు, ఫిర్యాదు ఎదుర్కొంటున్న మనిషి. ఫిర్యాదు చేసింది ఆమె భర్త ప్యో గారే.

ఈ వరుసను మినిట్సు పుస్తకంలో రాసిందీ ప్యో గారే. 1968 ఫిబ్రవరి, శనివారం, మధ్యాహ్నం రెండు గంటలు. అక్షరం ఎక్కడా వంకర పోలేదు. దవడ మాత్రం బిగిసి ఉంది.

ఆ సంఘంలో ప్రతి ఇల్లాలూ పొద్దున అన్నం వండేముందు, ఇంట్లో ఉన్న మనిషికొక చెంచా చొప్పున బియ్యం తీసి, పేరు చెప్పి ప్రార్థించి, గోడకు వేలాడే గుడ్డసంచిలో పోస్తుంది. ఆదివారం ఆ సంచి గుడికి వస్తుంది. ప్యో గారి ఇంట్లో నలుగురు: ఆయన, భార్య, తల్లి, కూతురు. రెండు వారాల క్రితం దగ్గు వచ్చి పెందరాళే లేచిన ఆయనకు, కాగితపు తలుపు అవతల జాడీలో చెంచా చప్పుడు వినిపించింది. నాలుగు కాదు, ఐదు. ఐదో పేరు ఆమె పెదవి దాటి బయటకు రాలేదు. మర్నాడూ ఐదే. ఆ మర్నాడూ ఐదే.

ఐదోవాడు ఎవరో అడగవలసిన పని లేదనుకున్నారాయన. మూడేళ్ళ క్రితం నదిలో పోయిన కొడుకు ఇన్‌హో. పోయినవాడి పేరున బియ్యం తీయడమంటే, పేరు మార్చుకున్న తద్దినం కాక మరేమిటి? క్రైస్తవుడై, పితృదేవతల పేర్లు చెక్కిన పలకలను పొయ్యిలో పెట్టినందుకు వంశమంతా వెలివేసిన మనిషి ఆయన తండ్రి. ఆ తండ్రి కడుపున పుట్టి, తన వంటింట్లోనే ఇదా? భార్యను పిలిచి అడగవచ్చు. కానీ ఆ మూడేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య కొడుకు మాట రాలేదు. అందుకని ఆయన ఫిర్యాదు రాసి, సంతకం చేసి, పాస్టరు గారి బల్ల మీద పెట్టారు. నిజమని తేలితే ఆరు నెలలు ఆమెకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం లేవు.

"ఒక చెంచా బియ్యానికి ఇంత సభా మాస్టారూ?" అన్నారు గిల్ గారు. "మా ఆవిడ ఆరుగురికి మూడు చెంచాలు పోస్తుంది. ఆవిడ మీద కూడా ఓ ఫిర్యాదు పడెయ్యండి, నాకు నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటుంది."

"ఇది హాస్యానికి సమయం కాదు."

"మీకు ఎప్పుడు సమయం గనక!"

పాస్టరు గారు చిన్నవారు, ముప్ఫై అయిదు దాటలేదు. ఇబ్బందిగా కదిలారు. "ఆ బియ్యం వండుకు తినేది నేనండీ. అమ్మా, మీరే చెప్పండి. ఐదో చెంచా ఎవరి పేరున?"

"బతికున్నవాడి పేరునే, అయ్యగారూ."

"అబద్ధం!" అన్నారు ప్యో గారు.

"చోన్ దల్‌సు పేరున," అందామె.

పొయ్యి మీద కెటిల్ మూత ఎగిరెగిరి పడుతోంది. ఎవరూ దించలేదు.

చోన్ దల్‌సు ఎడ్లబండివాడు. మూడేళ్ళ క్రితం జనవరిలో పూటుగా తాగి, ఒడ్డునున్న వాళ్ళంతా వద్దని అరుస్తుంటే, మంచు గడ్డకట్టిన నది మీదికి బండి తోలాడు. మంచు విరిగింది. మర్నాడు పాఠశాలలో ఉద్యోగానికి చేరవలసిన ఇన్‌హో ఆ నీళ్ళలోకి దిగి, వాణ్ణి భుజాల మీద పైకి ఎత్తి, తాను కిందికి జారిపోయాడు. అంత్యక్రియలకు దల్‌సు తాగే వచ్చాడు. మూడు గిన్నెల పులుసు తాగి వెళ్ళాడు. ఆ తరువాత ప్యో గారి గడప తొక్కలేదు. ఇప్పటికీ సాయంత్రమైతే సారా అంగడి ముందు వాడి గొంతే. ఆ పేరును ప్యో గారు మూడేళ్ళుగా నోట పలకలేదు.

ఆయన లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. "ఇన్‌హో అమ్మా! నీకు మతి ఉండే చేశావా? నా కొడుకు చోట ఆ తాగుబోతును కూర్చోబెడతావా?"

"కూర్చోబెట్టింది నేను కాదు, ఇన్‌హోయే."

"ఆ తాగుబోతుకి ఏం యోగ్యత ఉంది?"

"ఏమీ లేదు. ఇన్‌హో అడిగాడా? నీళ్ళలో నిలబడి యోగ్యతాపత్రం చూపించమన్నాడా?" ఆమె గొంతు కూడా లేచింది. "మట్టి చేసిన మర్నాడు నాలుగు చెంచాలు పోసి చెయ్యి ఆపాను. ఐదోది నా బిడ్డ వంతు. తన వంతు ఆ మనిషికి ఇచ్చేసి పోయాడు వాడు. వాడు ఇచ్చినదాన్ని నేను వెనక్కి లాక్కోనా?"

"అంటే క్షమించేశావన్నమాట. మహా తల్లివి!"

"ఎవరన్నారు క్షమించానని? ఆ పేరు చెప్పేటప్పుడల్లా పళ్ళు నూరుకుంటాను. కొన్ని రోజులు బియ్యం పొయ్యను, విసిరికొడతాను. కానీ చెంచా తలగొట్టి పోసిన రోజు ఒక్కటి లేదు. నిండుగానే పోశాను."

గిల్ గారు తల దించుకున్నారు. పాస్టరు గారు ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తి ఆపి, భర్త వైపు తిరిగింది.

"యోగ్యత చూసి ప్రేమించడం దేవుడి పద్ధతి కాదని, చెడ్డవాళ్ళ కోసమే కొడుకుని ఇచ్చాడని, ముప్ఫై ఏళ్ళు ఈ గుడిలో పాఠం చెప్పింది ఎవరండీ? మీరు కాదా? ఇన్‌హో ముందు వరుసలో కూర్చుని విన్నాడు."

ప్యో గారి ముఖం పాలిపోయింది. మూడేళ్ళుగా ఆయన కోపమంతా తిరిగి తిరిగి వచ్చి ఆగేది కొడుకు కూర్చున్న ఆ ముందు బెంచీ దగ్గరే. "అంటే వాణ్ణి నేనే చంపానంటావా?"

"కాదు. మీరు చెప్పింది వాడు నమ్మాడంటున్నాను. చెప్పినవాళ్ళు మీరూ నమ్మండి అంటున్నాను."

ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికి ముల్లంగి పచ్చడి కలపాలి.

పాస్టరు గారు, "ఫిర్యాదు కొట్టేసి, పుస్తకంలో ఏమీ రాయకుండా వదిలేద్దామా, మాస్టారూ?" అన్నారు.

"సభ జరిగింది. రాయక తప్పదు," అన్నారు ప్యో గారు కరుకుగా. కుర్చీ ఎత్తి నిలబెట్టుకుని కూర్చున్నారు.

"పోనీ, 'ఒక వ్యక్తి పేరున' అని రాసెయ్యండి," అన్నారు గిల్ గారు మెల్లగా.

"పూర్తి పేరు లేని మినిట్సు చెల్లవు. ఆ నియమం పెట్టింది నేను."

కోపం దిగలేదు. ఆ తాగుబోతు మీద, భార్య మీద, అడగకుండా నీళ్ళలో దిగిన కొడుకు మీద, తన కొడుకును ఇచ్చి ఇతరుల కొడుకులకు దారి చూపిన దేవుడి మీద. కలం కాగితంలో దిగబడి, వెనక పేజీ దాకా గాట్లు పడ్డాయి. పేరు దగ్గర చెయ్యి ఆగింది. మళ్ళీ సిరాలో ముంచారు.

"సంఘ సభ్యురాలు ఓక్ బున్‌యే గారిపై చేసిన ఫిర్యాదు నిరాధారమని తేలినది. తన కుమారుడు ప్యో ఇన్‌హో ఎవని కొరకు తన ప్రాణము పెట్టెనో, ఆ చోన్ దల్‌సు పేరున ఆమె మూడు సంవత్సరములుగా ప్రతి ఉదయము ఒక నిండు చెంచా బియ్యము తీసి పెట్టుచున్నారు. ఈ కార్యమును సభ గుర్తించి, సంఘము పక్షమున ఆమెకు కృతజ్ఞత తెలుపుచున్నది. కార్యదర్శి, ప్యో జేఉంగ్."