మతిమరుపు చిప్పు

మా ల్యాబ్‌కి పెద్ద మా వదిన, నేను ఆవిడ కింద టెక్నీషియన్ని. అణువంత అయస్కాంతాలున్న చిప్పు మీద ఆవిడ పొద్దున్నే ఇంకో అయస్కాంతం తిప్పి "ఒకటి" రాస్తుంది. కరెంటు తీసేసినా అది గుర్తుండాలి. సాయంత్రం చూస్తే సున్నా! మూడు వారాలుగా నన్నే ఉతికి ఆరేస్తోంది: "నువ్వే ఏదో కెలికావు!"

ఒళ్లు మండి నిన్న బల్ల దగ్గరే కాపు కాశాను. మధ్యాహ్నం వదిన వచ్చి, ఎప్పట్లాగే హ్యాండ్‌బ్యాగు చిప్పు పక్కన పెట్టింది. దాని బొత్తాం టప్పున మూసుకునే అయస్కాంతం! తలుపు మీద "బయటి అయస్కాంతాలు తేరాదు" అని రాసి అంటించింది కూడా ఆవిడే.

సాయంత్రం మళ్లీ సున్నా. "దీనికి వట్టి మతిమరుపు," అంది వదిన.

"దాన్నేమీ అనకు వదినా," అన్నాను. "నీ బ్యాగుని ఒక్కరోజు కూడా మర్చిపోలేదది."