కుంకుమ భరిణెలో గుండె మాత్రలు

నేను ఒక లక్క భరిణెను. అన్నిటికన్నా నాకు ఏది ఎక్కువ భయమో ముందే చెప్పేస్తాను. కడుపు నిండా మాత్రలుండగా, పొద్దెక్కినా ఎవరూ నా మూత తియ్యకపోవడం. ఖాళీగా ఉండటానికి నేను భయపడను. నిండుగా ఉండిపోవడానికే భయపడతాను. ఒకసారి అలా ఉండిపోయాను.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. సూరిబాబు అనే పనివాడు అంకుడు కర్ర ముక్కని మర మీద బిగించి, తిరుగుతుండగా ఉలి ఆనించి నాకు నడుము తీర్చాడు. లక్క అద్దితే ఆ రాపిడి వేడికి కరిగి ఒంటికి పట్టేసింది. మొగలాకుతో రుద్ది మెరుపు తెచ్చాడు. అదే కర్రలో మిగిలిన ముక్కతో ఒక గిలక చేసి, లోపల గులకరాళ్ళు పోసి మూసేశాడు. మోగేదాన్ని ఒక బుట్టలో, మోగనిదాన్ని ఇంకో బుట్టలో వేశాడు. నేను మోగనిదాన్ని. వస్తువు తయారుచేసినవాళ్ళు దాని పని కూడా తామే తేల్చేశామనుకుంటారు పాపం.

అమ్మవారి తీర్థంలో నన్ను కొన్నది నూకరత్నం. కుంకుమ పోసుకుంది. రోజూ పొద్దున్నే ఉంగరపు వేలు నాలో ముంచి, అద్దం కూడా చూడకుండా బొట్టు పెట్టుకునేది. మొగుడు పోయిన ఏడాది, దినకార్యం నాడు, పెద్దవాళ్ళు నన్ను తలకిందులు చేసి కుంకుమంతా పారబోశారు. ఎంత కడిగినా నా అడుగున ఎరుపు మాత్రం వదల్లేదు.

తరవాత నూకరత్నానికి దడ మొదలైంది. గుండె లయ తప్పుతోందని, దాన్ని అదుపులో పెట్టడానికి చిన్న తెల్ల మాత్ర రాశారు డాక్టరు. రేకు చింపడం చేతకాక, కూతురు లోవలక్ష్మి చేత మాత్రలన్నీ ఒలిపించి నాలో పోయించుకుంది. నుదుటికి ఇక అక్కర్లేదని పక్కన పడేసిన నన్ను, గుండె కోసం మళ్ళీ రోజూ తెరిచింది.

కొన్ని నెలలకి డాక్టరు నాడి చూసి, "ఇప్పుడు బాగుందమ్మా" అన్నారు. మాత్ర పనిచేస్తోందని ఆయన ఉద్దేశం. జబ్బు పోయిందని నూకరత్నానికి అర్థమైంది. ఇంటికొచ్చి నన్ను గోడలోని అరమర మీద పెట్టేసింది.

"మాత్ర ఏసుకోవేటే అమ్మా?" అంది లోవ.

"ఇప్పుడు బాగానే ఉన్నాది కదే. ఇంకెందుకు?"

వారం తిరక్కుండానే, పెరట్లో మిరపకాయలు ఆరబోస్తూ ఆ చాపమీదే ఒరిగిపోయింది. నేను అరమర మీద నిండుగా ఉన్నాను. ఆ రోజు మధ్యాహ్నం ఇల్లంతా మనుషులు, ఏడుపులు. నా మూత ఎవరూ తియ్యలేదు.

లోవ నన్ను తల్లి చీరలో చుట్టి దాచుకుంది. తల్లి మాత్రల్ని పారేసింది కానీ, ఒకటి మాత్రం అడుగున కుంకుమ ఎరుపులో అంటుకుపోయి రాలేదు. వేలితో గీకి, ఆగి, వదిలేసింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, లేత ఎర్రగా.

ఆ దడే లోవకీ వచ్చింది. పదో తరగతిలో, బడి మైదానంలో పరిగెడుతూ పడిపోయింది. అంతటితో బడి ఆగిపోయింది, నాలో మళ్ళీ మాత్రలు పోసుకోవడం మొదలైంది. పెళ్ళై అత్తింటికి వెళ్తూ నన్నూ తీసుకెళ్ళింది. మొగుడు దేముడుబాబు లారీ మీద తిరిగే మనిషి. అత్త అప్పయ్యమ్మ కోడల్ని ఒక్క మాట అనదు, ఒక్క పూట పస్తుంచదు. కడుపుతో ఉన్నన్నాళ్ళూ డాక్టరు చెప్పినట్టే లోవ మాత్ర వేసుకుంది. ఆడపిల్ల పుట్టింది.

ఆస్పత్రి నుంచి రాగానే అప్పయ్యమ్మ బాలింత పథ్యం మొదలుపెట్టింది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, గదిలో సాంబ్రాణి పొగ, పొద్దున్నే శొంఠీ మిరియాలూ నూరిన కాయం ముద్ద. తాను ముగ్గురిని పెంచింది అలాగే. ఆ పథ్యంలో నాకు చోటు లేకపోయింది.

"ఇంగ్లీసు మందు ఒంటికి ఏడి సేస్తాదే బుల్లీ. పాలల్లోకి దిగిపోద్ది. కాయం తినీసి ఇదీ మింగితే రెండూ కొట్టుకుంటాయి. పథ్యం అయ్యేదాకా ఆపీ."

"డాక్టరమ్మ ఆపొద్దన్నాది అత్తా."

"డాక్టరమ్మ నీ గుండె సూసింది. ఈ పసిగుంట కడుపు ఎవులు సూస్తారు?"

లోవని పడగొట్టింది ఆ మాటే. అప్పటికే లోవకి ఒక అనుమానం ఉంది. పిల్ల మరీ ఎక్కువగా నిద్రపోతోందని. పాలు తాగుతూ తాగుతూనే తొంగుంటోందని. తన మాత్రే పిల్లని మత్తులో పెడుతోందేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది. అనుమానం వచ్చినప్పుడు డాక్టరుని అడగాలి. బాలింత గడప దాటకూడదు. అందుకని అడగలేదు. మాత్రే మానేసింది.

నిండుగా ఉన్న నన్ను అప్పయ్యమ్మ ఊరికే ఉంచలేదు. ఊపి చూసింది. గలగలమన్నాను. మూత ఊడిపోకుండా నల్లదారంతో గట్టిగా కట్టి, ఉయ్యాల కర్రకి వేలాడదీసింది.

"సూడే, నీ అమ్మమ్మ బరిణె. ఎంత బాగా మోగుతున్నాదో!"

మోగనిదాన్నని సూరిబాబు పక్కన పెట్టిన నేను గిలకనయ్యాను. పిల్ల ఏడిస్తే నన్ను ఊపేవాళ్ళు. తల్లి గుండెలోకి వెళ్ళాల్సిన మాత్రలు పిల్ల చెవి పక్కన మోగేవి. నేను మోగినప్పుడల్లా లోవ చెయ్యి గుండె మీదకి పోయేది. పైట అదరడం ఉయ్యాల దగ్గర్నుంచే నాకు కనిపించేది. చెమట పట్టేది.

"అత్తా, గుండె గంతులేస్తున్నాది."

"బాలింతకి దడ మామూలేనే. దిష్టేమో, ఉండు."

ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు, చూశావా ఎంత దిష్టో అంది. మిరపకాయల్ని చూడగానే లోవకి తల్లి చాప గుర్తొచ్చిందని నాకు తెలుసు. అది నా వైపే చూసింది. నల్లదారం ముడి వైపు చూసింది. ఇంతలో పిల్ల ఏడ్చింది. లోవ చెయ్యి చాచి, ముడి విప్పకుండా, నన్ను ఊపింది.

మర్నాడు పొద్దున్న లోవ పీట మీద కూచుని, కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టి నలుగు పెడుతోంది. చెయ్యి ఆగింది. పక్కకి వాలిపోయింది. నూనె ఒంటితో పిల్ల జారుతుంటే అప్పయ్యమ్మ ఎలా అందుకుందో ఆవిడకే తెలీదు. "ఓలమ్మో, నా కోడలు!" అన్న కేకకి వీధి వీధంతా వచ్చింది. ఇంట్లోనే ఉన్న దేముడుబాబు లోవని ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. పిల్ల గుక్కపట్టింది. దాన్ని ఊరుకోబెట్టడానికి అప్పయ్యమ్మ ఉయ్యాల నుంచి నన్ను లాక్కుని వెంట తీసుకెళ్ళింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడుగుతోంది: "ఏం మందులు వాడుతోంది?"

"ఏటీ వాడట్లేదమ్మా, పచ్చి బాలింత" అంటూ అప్పయ్యమ్మ నన్ను ఊపుతూనే ఉంది. మంచం మీంచే లోవ వేలెత్తి నన్ను చూపించింది.

"అందులో ఏముంది?"

అప్పయ్యమ్మ చెయ్యి ఆగిపోయింది. ముడి విప్పబోతే రాలేదు. పంటితో కొరికింది. మాత్రలు నేల మీద జలజలా రాలాయి.

డాక్టరమ్మ కోప్పడలేదు. అదే ఇంకా భయపెట్టింది. "ఈ మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే గుండె పగ్గం తెంచుకున్నట్టు పరిగెడుతుందమ్మా. తగ్గించాలన్నా, ఆపాలన్నా, మేం చెప్పినట్టు మెల్లగా చెయ్యాలి. పిల్ల గురించి భయమైతే పిల్లనీ తీసుకొచ్చి చూపించండి. పాలిచ్చే తల్లికి ఏది సరిపడుతుందో మేం చూసి ఇస్తాం."

"పిల్ల కోసమేనమ్మా..." అంది అప్పయ్యమ్మ. ఆ మాట అబద్ధం కాదు. అందుకే ఆవిడ ఏడుపు వినలేకపోయాను.

లోవ బతికింది. పిల్ల నిద్ర పసిపిల్లల నిద్రేనని తేల్చారు. కొత్త మాత్రలు రేకుల్లోంచి ఒలవకుండా, కత్తిరించి నాలో పెట్టుకుంది. అప్పయ్యమ్మే రోజూ పొద్దున్నే గ్లాసుతో నీళ్ళూ, నన్నూ పట్టుకుని కోడలి ఎదురుగా నిలబడేది. "మింగు. నోరు తెరు. ఏదీ, నాలిక పైకెత్తు" అనేది. లోవ నవ్వేది. నా రోజుల్లో అవే మంచి రోజులు.

ఇప్పుడు అప్పయ్యమ్మ కూతురి పురిటికి వెళ్ళింది. దేముడుబాబు లారీ మీద ఉన్నాడు. ఇంట్లో లోవా, పిల్లా. దడ లేదు, చెమట లేదు. ఈ పొద్దున్న లోవ నా మూత తీసింది. అడుగున ఉన్న ఆ లేత ఎర్రటి మాత్ర వైపు చాలాసేపు చూసింది. పిల్ల కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది.

"ఇప్పుడు బాగానే ఉన్నాది కదా" అంది, ఎవరితోనో అన్నట్టు.

మాత్ర తియ్యకుండానే మూత పెట్టేసింది.

ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. పొద్దెక్కుతోంది. నాకు నోరు లేదు, ఎవరో ఊపితే తప్ప చప్పుడు లేదు. యలమంచిలి వైపు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే, లారీ దేముడుబాబు ఇల్లెక్కడని అడగండి, చెబుతారు. తలుపు కొట్టండి. బాగున్నావా అని మాత్రం అడగకండి. బాగానే ఉన్నానంటుంది. వాళ్ళమ్మా అదే అంది. భరిణె పట్టుకురమ్మనండి. మీ ఎదురుగా మూత తియ్యమనండి.