డాక్టరమ్మ అడిగే మాట

శుక్రవారం. సౌదీలో, రాబిగ్‌లోని కంపెనీ క్వార్టర్లో శ్రీలేఖ పొద్దుటినుంచి నిలువుకాళ్ల మీదే ఉంది. గోంగూర మటన్ దించి, పప్పు పోపు పెట్టి, ఓ చేత్తో గట్టు పట్టుకుని అన్నం వార్చింది. ఆర్నెల్లుగా నెలసరి వచ్చిందంటే ఓ పట్టాన ఆగడం లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా భోజనానికి మనిషి వస్తున్నాడంటే ఆ పూటకి ఒంట్లో బాగుండి తీరాలి కదా, ఇల్లాలికి అదో రూలు.

వచ్చిన మనిషి సుబ్బరామయ్యగారు, భర్త అనురాగ్‌కి ప్లాంటులో సీనియరు. ఇద్దరూ అన్నం కలుపుతుండగా బల్ల మీద అనురాగ్ ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఎడం చేత్తో తెరిచి పైకే చదివాడు.

"లేఖా, అప్రూవల్ వచ్చేసింది. గర్భసంచి తీసేసే ఆపరేషన్. మొత్తం ఇన్సూరెన్సే కట్టేస్తుందట."

సుబ్బరామయ్యగారు మర్యాదగా తల దించుకుని గోంగూర కలుపుకున్నారు. శ్రీలేఖకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్సూరెన్సు అతని ఉద్యోగానిది, నంబరూ అతనిదే, అందుకని ఆమె ఒంట్లో సంగతి ముందు అతని ఫోనుకి తెలుస్తుంది. అసలు తీసేయమని ఆమె ఎప్పుడు చెప్పింది? గర్భసంచిలో గడ్డలున్నాయి, అవి మాత్రం తీయొచ్చు, లేదా మొత్తం తీసేయొచ్చు, ఆలోచించుకుని చెప్పమంది డాక్టరు. శ్రీలేఖ చున్నీ సర్దుకుని బయటికొచ్చేలోపే అనురాగ్ ఇన్సూరెన్సు కౌంటర్లో మొత్తం తీసేయమని చెప్పేశాడు. "ఇద్దరు పిల్లలు పుట్టేశారు, ఇంక దాంతో పనేముంది? మాటిమాటికీ నాకు సెలవెవడిస్తాడు?" అన్నాడు కారులో. ఎందుకు ఉంచుకోవాలంటే ఆమె దగ్గరా పెద్ద కారణం లేదు. తనది, అంతే.

"చూశావా, పద్ధతంటే ఇదీ," అన్నారు సుబ్బరామయ్యగారు. "మన దగ్గర వైద్యం ప్రభుత్వమే చేయాలంటారు. ఏం చేస్తుందయ్యా, మంచానికిద్దరు, మంచం కింద కుక్కలు. జనానికి ఇన్సూరెన్సు ఇచ్చి ప్రైవేటుకి వదిలేస్తే గొడవే లేదు."

"అదీ ఊరికే ఇవ్వకూడదండీ. ఊరికే వస్తే విలువ తెలీదు," అన్నాడు అనురాగ్, తన కార్డుకి తను ఏనాడూ పైసా కట్టి ఎరగని మనిషి.

అప్పడాలకని వంటింట్లోకి వెళ్లిన శ్రీలేఖ అక్కడే నిలబడిపోయింది. ఎక్కడి నుంచో ఫినాయిల్ వాసన గుర్తొచ్చింది. వాళ్ల ఊళ్లో దాన్ని ధర్మాసుపత్రి అనేవారు. అమ్మ జయమ్మ అందులో ఆయా. బడి వదలగానే శ్రీలేఖ వెళ్లి ఆడవాళ్ల గది ముందు బెంచీ మీద కూర్చుని ఎక్కాలు రాసుకునేది. ఎర్రమందు పోయించుకోవడానికి జనం ఇంటి నుంచి సీసాలు తెచ్చుకునేవారు. ఎవరో ఇచ్చిన అరటిపండు అమ్మ కొంగుచాటున తెచ్చి చేతిలో పెట్టి పోయేది. కుక్కలూ ఉండేవి, లేవని ఎవరన్నారు? కానీ లోపల డాక్టరమ్మ ఉండేది. పెళ్లాం తరఫున మొగుడు నోరు తెరిచాడా, "నొప్పి నీకు కాదుగా నాయనా, కాసేపు బయట నిలబడు" అనేది. జయమ్మ తలుపేసేది. అప్పుడు డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఇప్పుడు చెప్పమ్మా, నీకేం కావాలి?" అని అడిగేది. కొందరు ఆ మాటకే ఏడ్చేసేవారు. ఎందుకేడుస్తారో బెంచీ మీది పిల్లకి అర్థమయ్యేది కాదు.

తర్వాత సర్కారు ఆరోగ్యకార్డులొచ్చాయి. మంచే జరిగింది, నాన్న గుండె ఆపరేషన్ ఆ కార్డు మీదే అయింది. కానీ వాళ్ల వీధి ఆడవాళ్లు ప్రైవేటు నర్సింగ్‌హోములకి కడుపునొప్పని వెళ్లి, ఒకరి తర్వాత ఒకరు గర్భసంచి లేకుండా తిరిగొచ్చారు. "కార్డుంది కదా అని కోసేశారే. నీకేం కావాలని ఒక్కరూ అడగలేదట," అని జయమ్మ ఫోనులో చాలాసేపు బాధపడింది. ఆ బెంచీ, ఆ తలుపు, ఫినాయిల్ వాసనేసే అమ్మ చెయ్యి... ఇప్పుడు ఎంత కావాలనిపించాయో శ్రీలేఖకి.

బల్ల మీద ఫోను మోగింది.

"లేఖా, హాస్పిటల్ వాళ్లు. నా చెయ్యి ఎంగిలిగా ఉంది, కాస్త ఎత్తి స్పీకర్లో పెట్టు. ఆదివారం వస్తామని చెప్పేస్తాను."

శ్రీలేఖ వచ్చి ఫోనెత్తింది. స్పీకర్లో పెట్టలేదు, చెవికి ఆనించుకుంది. ఇన్సూరెన్సు కౌంటర్లో కూర్చునే ఖాలిదా, హైదరాబాద్ పిల్ల. "ఆపరేషన్ డేట్ పక్కా చెయ్యాలె మేడమ్. సార్‌కి ఇస్తరా?"

"సారు భోంచేస్తున్నారమ్మా. నొప్పి ఆయనకి కాదుగా, నాతోనే మాట్లాడండి. ఆ ఆపరేషన్‌కి నేను ఒప్పుకోలేదు."

అనురాగ్ చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. అవతల ఖాలిదా గొంతు తగ్గించి అడిగింది.

"అయితే మీకేం కావాలె, మేడమ్?"

పొద్దుటినుంచి నిలబడే ఉన్న శ్రీలేఖ, మగవాళ్లిద్దరి మధ్యా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గడ్డలు మాత్రం తీయాలి," అంది. "ముందు నా నంబరు రాసుకోండి."