సారక్క బిడ్డ

కొమురమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. ఇక ఆమెకు పిల్లల యోగం లేదని రఘునాథపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తీర్మానించేశాయి. పక్కింటి సంగతులు తీర్మానించడంలో మా వాళ్ళంత చురుకైనవాళ్ళు ఎక్కడా ఉండరు.

ఆమె మొగుడు కనకయ్య బతుకుతెరువుకు బర్మాలోని రంగం పోయి అక్కడి రేవులో మూటలు మోశాడు. జపానువాళ్ళు బాంబులు వేసినప్పుడు వేలమందితోపాటు అడవుల వెంట నడిచి వచ్చాడు. వచ్చేటప్పుడు అతని భుజం మీద రెండేళ్ళ బర్మా పిల్ల ఉంది. దారి పక్కన చనిపోయిన తల్లిని ఆనుకొని కూర్చుందట. ఆ తల్లి ఎవరో, ఏ ఊరో చెప్పేవాళ్ళు లేరు. ముందు చూడనట్టే దాటిపోయానని, మనసొప్పక వెనక్కి వచ్చి ఎత్తుకున్నానని కనకయ్య పెళ్ళానికి దాచకుండా చెప్పాడు. మరుసటేడు చలిజ్వరంతో పోయాడు.

పిల్లను చూసిన రోజే కొమురమ్మ ప్రాణం దాని మీద పడింది. ఆ రోజే భయమూ పట్టుకుంది. ఆమె నాది అనుకున్న ప్రతి బిడ్డా మట్టిలో కలిసింది. అందుకని మా దిక్కు ఆనవాయితీ ప్రకారం పిల్లను చాటలో కూర్చోబెట్టి పెంటకుప్ప మీద వదిలింది. పక్కింటి సారక్క ఊరికే అటు వచ్చినట్టు వచ్చి, "నాకు దొరికింది" అని ఎత్తుకోవాలి. ఆ తర్వాత పెంచమని కొమురమ్మ చేతికివ్వాలి. అప్పుడు పిల్ల సారక్కదవుతుంది, చావు కొమురమ్మ గడప తొక్కదు. తీరా ఆ పిల్ల చాటలోంచి రెండుసార్లు దిగి కోళ్ళ వెంట పరుగెత్తింది. మూడోసారి సారక్క నవ్వు ఆపుకోలేక ఎత్తుకుంది. పెంటమ్మ అని పేరు పెట్టారు. పెళ్ళయ్యేదాకా ఆ పిల్లను కొమురమ్మ "నా బిడ్డ" అనకూడదు.

ఏడేళ్ళు ఆమె అనలేదు. తల దువ్వింది, ఒళ్ళు వెచ్చబడితే కురవి వీరన్నకు మొక్కింది, తను జొన్న గటక తాగి పిల్లకు అన్నం పెట్టింది. ఎవరడిగినా మాత్రం "సారక్క బిడ్డ" అనేది. పిల్ల అది వింటూనే పెరిగింది. మొహం చూసి తోటిపిల్లలు వెక్కిరిస్తే ఓర్చుకునేది గానీ, ఆ రెండు మాటలు చెవిన పడితే లేచి అవతలికి పోయేది. పెద్దవాళ్ళం మాకు అది కనపడలేదు. కనపడినా పట్టించుకునేవాళ్ళం కాదేమో.

అవి దొర గడీ మీద ఊళ్ళు తిరగబడిన రోజులు. సారక్క భర్త వీరస్వామి కమ్యూనిస్టుల దళంలో కలిశాడు. రజాకార్లు పోయి యూనియన్ మిలిటరీ వచ్చినా తుపాకి దించలేదు. నలభై తొమ్మిది ఎండాకాలంలో మిలిటరీ లారీతో మా ఊరి మీదికి వచ్చింది. దళంవాళ్ళ పెళ్ళాం పిల్లల్ని క్యాంపుకు తీసుకుపోతామంది. పట్వారీ ఇంటింటి జాబితా విప్పి చదివాడు.

"వీరస్వామి భార్య సారక్క. బిడ్డ పెంటమ్మ, తొమ్మిదేండ్లు."

జాబితా రాసిన రోజు కూడా కొమురమ్మ ఆ మాటే చెప్పింది మరి.

ఒక సిపాయి పెంటమ్మ రెక్క పట్టుకున్నాడు. క్యాంపుకు పోయినవాళ్ళు ఎట్లా తిరిగి వస్తున్నారో అప్పటికే అందరం చూసి ఉన్నాం.

"గా పిల్ల నాది కాదు సారూ," అంది సారక్క. "గీ కొమురమ్మది. ఊకె ఆచారానికి నా పేరు చెప్తది."

పట్వారీ హిందీలో చెప్పాడు. ఆఫీసరు కొమురమ్మ వైపు తిరిగి ఏదో అడిగాడు.

"నీ పిల్లనేనా అంటుండు సారు," అన్నాడు పట్వారీ. "జర జల్ది చెప్పు."

కొమురమ్మకు పోయిన ముగ్గురూ కళ్ళ ముందు మెదిలారు. ఒక్క మాటతో నాలుగోదాన్ని కూడా తన చేతులారా చంపుకుంటానేమోనని ఆగిపోయింది. పెంటమ్మ ఆమె వైపు చూడలేదు. ఆమె ఏమంటుందో తెలిసినదానిలా తల వంచుకుని, సిపాయి లాగకముందే లారీ వైపు నడిచింది.

అది చూసి కొమురమ్మ తట్టుకోలేకపోయింది.

"నాది," అంది. "నా బిడ్డ సారూ. నేనే సాదుకున్న. నా బిడ్డ."

ఆఫీసరు కాగితం వంక చూశాడు, ఏడుస్తున్న మనిషి వంక చూశాడు, విసుగ్గా చెయ్యి ఊపాడు. సిపాయి రెక్క వదిలాడు. సారక్క ఒక్కతే లారీ ఎక్కింది. పిల్ల పైలం, చూసుకొమ్మని ఒక్క మాట అంది. ఆరు నెలలకు గానీ ఆమె తిరిగి రాలేదు.

లారీ పోయాక పెంటమ్మ కొమురమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"గిన్నేండ్లు ఎందుకనలేదవ్వా?"

"నేనంటే నువ్వు గూడ సస్తవేమోనని భయమైంది."

"సస్తే సస్త తియ్యి," అంది. "నువ్వు మాత్రం గట్లనే అను."